నిండు కుండ తొణకదు

ఈ నెల జాబుల కట్టలో బరంపురం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఉన్నది. నాలుగు పుటల ఉత్తరం. సారాంశం ఇది. వారి మామగారికి ఎనభై రెండేళ్ళు. చూపు మందగించింది, అక్షరం ఆనదు. నాటక పద్యాలు, పాత పాటలు వినడమొక్కటే ఆయనకు కాలక్షేపం. కుమారుడు ముచ్చటపడి రెండు చిన్న స్పీకర్లు, వాటిని నిలబెట్టడానికి రెండు ఇనుప స్టాండులు కొని తెచ్చాడు. స్టాండు కాలు బోలు గొట్టం. అవి ఇంటికి వచ్చింది మొదలు పెద్దాయనది ఒకటే ఫిర్యాదు: "పద్యం దీర్ఘం తీసినప్పుడల్లా వెనుక ఎవరో ఖాళీ బిందె మీద కొట్టినట్లున్నదమ్మా, మాట తెలియడం లేదు."

అంగడివాడు గొట్టంలో సీసపు గుళ్ళు పోయమన్నాడట. "మావారు ఇసుక అంటున్నారు. అత్తయ్యగారు, పురుగు పట్టిన బియ్యం ఒక డబ్బా ఉన్నది, అది పొయ్యరాదూ అంటున్నారు. పైగా ఇంట్లో రెండేళ్ళ పిల్లవాడు. నిలువుగా ఏది కనబడినా పట్టుకుని ఊగుతాడు. అన్నయ్యగారూ, ఏది పోస్తే మామయ్యగారికి మాట తెలుస్తుంది, స్టాండు పిల్లవాడి మీద పడకుండా ఉంటుంది?" అని అడిగారు.

అమ్మా, మీరు ఒక ప్రశ్న అనుకుని వ్రాసినవి రెండు ప్రశ్నలు. మాట తెలియడం ఒకటి, స్టాండు పడకుండడం ఒకటి. మొదటిదానికి గొట్టంలో పోసే సరుకు జవాబు చెబుతుంది. రెండవదానికి ఆ సరుకు ఒక్కటీ చాలదు. ఈ తేడా తెలియకనే చాలామంది ఏదో ఒకటి పోసి, పిల్లల సంగతి కూడా చూసుకున్నామని నిశ్చింతగా ఉంటున్నారు. అందువల్ల ఈ నెల శీర్షిక అంతా మీ ఉత్తరానికే కేటాయిస్తున్నాను. ఫోనులోనే పాటలు వినేవారు సైతం ఓపికగా చదవగోరుతాను. నిలువుగా, సన్నగా ఉండే వస్తువు ఏ ఇంట్లో లేదు గనుక!

ముందు గొట్టం ఎందుకు మోగుతుందో చూద్దాము. వంటింట్లోకి వెళ్ళి ఒక ఖాళీ ఇత్తడి చెంబు తీసుకుని అడుగు భాగం అరచేతిలో పెట్టుకోండి. అంచును గరిటెతో తట్టండి. ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు నిలుస్తుంది. ఇప్పుడు చెంబు నిండా బియ్యం పోసి తట్టండి. టప్పుమని ఆగిపోతుంది. లోహపు గోడ వణుకుతూ ఉంటే, దానిని ఆనుకున్న గింజలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. ఆ రాపిడిలో వణుకు శక్తి ఖర్చయి, రవంత వేడిగా మారిపోతుంది. మోగడానికి ఇక మిగలదు. బోలు గొట్టం కూడా ఆ చెంబు వంటిదే. స్పీకరు పెట్టె అదురు స్టాండులోకి దిగుతుంది. గొట్టానికి తన సొంత శ్రుతి ఒకటి ఉంటుంది. పద్యంలో ఆ శ్రుతి తగిలినప్పుడల్లా గొట్టం తానూ గొంతు కలుపుతుంది. గాయకుడు ఆపిన తరువాత కూడా ఒక క్షణం ఆపదు. తరువాతి అక్షరం ఆ మోత కింద పడి నలుగుతుంది. మీ మామగారు బిందె అన్నది నిజానికి సరైన మాటే.

అదురుతున్న వస్తువుకు బరువు తగిలించి నాదాన్ని మార్చడం మనకు కొత్త విద్య కాదు. మృదంగం ఎడమ వైపున కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద అంటించడం మీరు చూసే ఉంటారు. ఆ ముద్ద బరువు వల్ల ఆ వైపు నాదం మంద్రంగా దిగుతుంది. అక్కడ విద్వాంసునికి నాదం కావాలి. ఇక్కడ మనకు గొట్టం నాదం అసలు వద్దు. తేడా అంతే.

అయితే ఏదైనా పోసేముందు దోషి గొట్టమేనా అని రుజువు చూసుకోవాలి. ఆ బిందె మోత వచ్చే పద్యమే పెట్టండి. మోత వచ్చినప్పుడు ఎవరినైనా గొట్టాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోమనండి. మోత తగ్గితే గొట్టం నేరం. తగ్గకపోతే అలమరలో ఒకదానికొకటి తగిలే గిన్నెలు, కిటికీ అద్దం, వదులైన మర చీల, వీటిని ఒక్కొక్కటిగా పట్టి చూడండి. మా ఇంట్లో సగం మోత గొట్టానిది, మిగతా సగం స్పీకరు వెనుక గోడకు వేలాడదీసిన ఒక బహుమతి పళ్ళెంది. పళ్ళెం తీయడానికి పైసా ఖర్చు కాలేదు.

ఇక సరుకుల సంగతి. లెక్క సులభంగా ఉండడానికి ఒక మామూలు స్టాండు తీసుకుందాము. చదరపు గొట్టం, లోపలి కొలత 7 సెంటీమీటర్ల చొప్పున, ఎత్తు 60 సెంటీమీటర్లు. ఏడేళ్ళు నలభై తొమ్మిది, దాన్ని అరవైతో హెచ్చిస్తే 2,940 ఘన సెంటీమీటర్లు. అనగా మూడు లీటర్లకు కాస్త తక్కువ. గుండ్రని గొట్టమైతే లోపలి వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి, ఎత్తుతో హెచ్చించి, వచ్చినదానిలో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్ళు తీసుకోండి.

బియ్యం లీటరుకు సుమారు 800 గ్రాములు తూగుతాయి. మోత ఆపగలవు, కాని బరువు చాలదు. అంతకన్న ముఖ్యం, గొట్టంలో పురుగు చేరుతుంది, తేమ పీలుస్తుంది, ఆపైన చీమలు, ఎలుకలు. పప్పులూ అంతే. అత్తగారి పొదుపుకు నమస్కారం. ఆ బియ్యం ఎండబోసి చెరిగి పక్షులకు వేయడం మేలు.

పాత దూది, స్పాంజి ముక్కలు కూరితే గొట్టంలోని గాలి ఊగిసలాట తగ్గుతుంది గాని, ఇనుప గోడ వణుకు అంతగా తగ్గదు, బరువూ రాదు. స్టాండు తయారుచేసినవారు బరువు పోయవద్దని చెప్పి ఉంటే మాత్రం ఇదే గతి.

సిమెంటు కలిపి పోద్దామనే ఉత్సాహవంతులు కొందరుంటారు. వద్దు. గడ్డకట్టినది ఒరుసుకోదు, కనుక రాపిడి మేలు పోతుంది. మళ్ళీ తీయాలంటే స్టాండును పారవేయడమే.

ఇసుక లీటరుకు సుమారు 1.6 కిలోలు. మన గొట్టం నిండా పోస్తే 4.7 కిలోలు పడుతుంది. రాపిడి చక్కగా ఉంటుంది, పురుగు పట్టదు, ఖర్చు నామమాత్రం, కావాలంటే వంచి పారబోయవచ్చు. ఉక్కు గుళ్ళు లీటరుకు నాలుగున్నర కిలోల దాకా వస్తాయి. బరువు బాగా కావలసినవారు అడుగున ఉక్కు గుళ్ళు, పైన ఇసుక పోస్తారు. అదీ మంచి పద్ధతే, ఖర్చు ఎక్కువ.

సీసపు గుళ్ళు లీటరుకు ఆరున్నర కిలోలు తూగుతాయి. మన గొట్టానికి 19 కిలోలు. అంగడివాడు చెప్పినది బరువు విషయంలో అబద్ధం కాదు. కాని అమ్మా, పిల్లవాడున్న ఇంట్లోకి సీసం తేవద్దు. గుళ్ళు పోసేటప్పుడు రాలే పొడి చేతికి, నేలకు అంటుతుంది. పాకే పిల్లలు నేలమీది చేయి నోట్లో పెట్టుకుంటారు. పిల్లల ఒంట్లో చేరిన సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో 2000 సంవత్సరంలో పెట్రోలులో సీసం కలపడం మానిపించింది, 2016లో ఇంటి రంగులలో సీసానికి హద్దు పెట్టింది ఈ కారణం చేతనే. వీధిలోనుండి తరిమిన దానిని హాలులోకి పిలవడం ఎందుకు? తమిళనాడులోని మన కుటుంబాలవారికి చారు కాచే ఈయచెంబు పరిచయమే. అది తగరంతో చేసినది కావాలి, సీసం కలిసినది కాకూడదని మన పెద్దలు నమ్మకమైన చోటనే కొనేవారు. ఆ జాగ్రత్తే ఇక్కడా.

కనుక ఇసుకే ఖాయం. ఏ ఇసుక అన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా సందులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక పోయించారు. అడిగి ఒక బకెట్టు తెచ్చుకున్నాను. ఆషాఢ మాసం. పైకి పొడిగానే కనబడింది. జల్లించకుండా, ఎండబెట్టకుండా, గొట్టం అంచుదాకా పోసి బిగించాను. మోత ఆగింది. ఇంట్లో నా విద్యకు మర్యాద పెరిగింది. దీపావళికి ఇల్లు కడుగుతూ మా ఆవిడ పిలిచింది: "మీ పాటల స్తంభం ఏడుస్తున్నది, వచ్చి చూడండి." అడుగు పలక అతుకులోనుండి తుప్పు నీరు కారి, నేలమీద గోధుమరంగు వలయం పడింది. గొట్టం మీది రంగు పొక్కులు లేచింది. విప్పి వంచితే ఇసుక రాలలేదు, ముద్దగా జారింది. వలయం నేటికీ పోలేదు. ఆ చోట ఇప్పుడు చాప వేసి ఉంచుతున్నాము.

అందుచేత వరుసగా చెబుతాను, వ్రాసి పెట్టుకోండి.

సముద్రపు ఇసుక వద్దు. మీకు గోపాలపురం తీరం దగ్గరే, యానాం, మదరాసు సోదరులకూ సముద్రం దూరం కాదు. ఆ ఇసుకలోని ఉప్పు ఇనుమును త్వరగా తినేస్తుంది. మీ జిల్లాలోనే ఛత్రపురం తీరాన నల్లగా, బరువుగా ఉండే ఇసుక ఉన్నది గదా, అది మరీ మంచిది కాదా అని ఎవరైనా అనవచ్చు. ఇల్మనైటు, గార్నెటు వంటి ఖనిజాలున్నందున అది బరువు. దానిలోనే థోరియం ఉన్న మోనజైటు కూడా ఉంటుంది. ప్రభుత్వ సంస్థ వాటిని వేరుచేస్తున్నది. అది ఇంటికి తెచ్చుకోవలసిన సరుకు కాదు.

నది ఇసుక దొరికితే మంచిదే. కర్ణాటకలో, తమిళనాడులో ఇప్పుడు ఎక్కువగా దొరికేది రాయి నలిపి చేసిన ఎం-శాండ్. అదీ పనికివస్తుంది, కాని దానిలో రాతి పొడి ఎక్కువ. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. పొడిగా జల్లించి దుమ్ము లేపకండి. బకెట్టులో నీళ్ళు పోసి, కలియబెట్టి, పైనీరు వంచుతూ, నీరు తేటగా వచ్చేదాకా కడగండి. చేపల తొట్టెలకు అమ్మే కడిగిన ఇసుక కొన్నా సరే.

కడిగిన ఇసుకను మేడమీద గుడ్డపై పలుచగా పరచి, తిరగదిప్పుతూ రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టండి. ఆరినదీ లేనిదీ కంటికి తెలియదు, నాకు తెలియలేదు గదా! పరీక్ష ఇది. ఒక గాజు సీసాలో పిడికెడు ఇసుక వేసి, మూత బిగించి, గంటసేపు ఎండలో ఉంచండి. సీసా లోపల ఆవిరి పట్టితే ఇసుక ఇంకా తడే. పట్టకపోతే సిద్ధం.

స్టాండును అది నిలవవలసిన చోటనే పెట్టి నింపండి. నిండిన తరువాత ఎత్తి నడుము పట్టించుకోవద్దు. లోపలి అతుకులు, అడుగు మర చీల రంధ్రం ముందుగా అంటుకాగితంతో మూయండి. పాత కేలెండరు కాగితం గరాటులా చుట్టి, కొంచెం కొంచెం పోస్తూ గొట్టాన్ని మెల్లగా తట్టండి, ఇసుక సర్దుకుంటుంది. మూడింట రెండు పాళ్ళు నిండాక ఆపి, వేలి కణుపుతో గొట్టాన్ని కింద నుండి పైకి కొట్టి వినండి. టప్‌మంటే చాలు. పైభాగం ఇంకా ఖంగుమంటే మరికొంత పోయండి. కొందరు ఇసుకను సన్నని పొడుగాటి ప్లాస్టిక్ సంచుల్లో పోసి దించుతారు. రేపు తీయడం తేలిక, కారే భయం లేదు. అయితే సంచులు గోడకు ఆనుకునేలా వదులుగా కట్టాలి.

ఇంతటితో మామగారి ప్రశ్న తీరింది. మరొక్క మాట. స్పీకరును గోడకు ఒక అడుగైనా ముందుకు జరపండి. ఆయన కుర్చీలో కూర్చున్నప్పుడు స్పీకరులోని చిన్న గరాటు ఆయన చెవి ఎత్తుకు రావాలి. ఒక్కొక్క ఇంట్లో ఇసుక చేసిన మేలుకన్న ఇది చేసే మేలు ఎక్కువ.

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్న. లెక్క చూడండి. ఖాళీ స్టాండు 4 కిలోలు, స్పీకరు 6 కిలోలు, వెరసి 10. అడుగు పలక వెడల్పు 25 సెంటీమీటర్లు, దానిలో సగం 12.5. పిల్లవాడు 70 సెంటీమీటర్ల ఎత్తున పట్టి లాగాడనుకోండి. మొత్తం బరువును పలక సగం వెడల్పుతో హెచ్చించి, లాగిన ఎత్తుతో భాగిస్తే, ఎంత లాగుడుకు స్టాండు ఒరుగుతుందో వస్తుంది. ఖాళీ స్టాండుకు 1.8 కిలోలు. మూడింట రెండు పాళ్ళు ఇసుక పోస్తే 2.3 కిలోలు. తేడా అరకిలో! రెండేళ్ళ పిల్లవాడే పన్నెండు కిలోలుంటాడు, పట్టుకుని వెనక్కి వాలితే చాలు. సీసం నిండా పోసినా 5.2 కిలోలు మాత్రమే. పైగా పడేది అప్పుడు 29 కిలోలు. బరువు పెంచితే పడడం కాస్త కష్టమవుతుంది, పడినప్పుడు దెబ్బ మరీ పెద్దదవుతుంది. నిండు కుండ తొణకదన్న మాట నిజమే, కాని నిండు కుండను ఎవరైనా తోస్తే దొర్లక మానదు.

మరి మార్గం? ఇసుక పోసిన స్టాండు అడుగున 45 సెంటీమీటర్ల చదరపు చెక్కపలక, మూడు కిలోలది, మరలతో బిగించండి. ఇప్పుడు లెక్క కట్టండి: 16 కిలోలు, సగం వెడల్పు 22.5. ఒరగడానికి 5 కిలోల పైచిలుకు లాగుడు కావాలి. సీసం ఇచ్చే బలం, సీసం లేకుండా, వడ్రంగి చేత వచ్చింది.

దానితోనూ ఆగవద్దు. స్టాండు పైభాగం నుండి గోడకు ఒక బలమైన పట్టీ కట్టి కొక్కేనికి తగిలించండి. స్పీకరును కూడా పైపలకకు బిగించండి. స్టాండు నిలబడి స్పీకరు ఒక్కటీ జారి పడినా ఆరు కిలోలు ఆరు కిలోలే. తీగలు పిల్లవాడికి అందకుండా గోడవెంట తీసుకుపోండి. చాలా స్టాండులు ముందు లాగింది చేయి కాదు, తీగ. ఇవేవీ కుదరని పక్షంలో పిల్లవాడికి నాలుగేళ్ళు వచ్చేదాకా స్పీకర్లను బరువైన, పొట్టి, వెడల్పాటి బల్లమీద పెట్టండి. నాదంలో కొంత లోటు వస్తుంది, రానివ్వండి. మామగారు మన్నిస్తారు.

అమ్మా, మీ ఉత్తరం చివరి పుటలో ఒక వాక్యం వ్రాశారు. పిల్లవాడు బయట ఒడియా, బడిలో ఇంగ్లీషు వింటాడు, తెలుగు పద్యం వినేది తాతగారి ఒడిలో కూర్చున్నప్పుడే అని. నాలుగు తరాలుగా బయట నాట్లో ఉన్న మన ఇళ్ళలో చాలాచోట్ల సంగతి ఇదే. లిపి రాని పిల్లలకు మాట చెవి ద్వారానే అందాలి. కాబట్టి ఆ మాట స్పష్టంగా వినబడడం తాతగారి ముచ్చట మాత్రమే కాదు. ఇసుక శుభ్రంగా కడిగి, బాగా ఎండబెట్టి పోయండి. కాని ముందు వడ్రంగిని పిలవండి. పలక బిగించి, పట్టీ కట్టిన తరువాతనే పద్యం పెట్టండి. ఫలితం ఎట్లా ఉన్నదో ఒక కార్డుముక్క వ్రాస్తే సంతోషిస్తాను.

వచ్చే నెల, షోలాపురం సోదరుడొకరు అడిగినట్లు, చెక్క అలమర తలుపులు వానకాలంలో ఎందుకు బిగుసుకుంటాయో, దానికి రంపం ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు పట్టకూడదో చూద్దాము.